నిద్రగన్నేరు కింద కాపలా

నీకు,

“చిరంజీవి సౌభాగ్యవతి” అని మొదలుపెడితే మా తాతగారి ఉత్తరంలా ఉందని నవ్వుతావు. అందుకని ఊరికే “నీకు” అని రాశాను. ఇక్కడ ఇంట్లో అందరం కులాసా. అందరం అంటే నేనొక్కణ్ణే కనుక, ఆ ఒక్కడూ కులాసా. అక్కడ నువ్వూ వదినగారూ ఎలా ఉన్నారు? తుంటి ఆపరేషను అయ్యాక ఆవిడ మొదటిసారి ఊతకర్ర పట్టుకుని వరండా దాకా వచ్చారని రాశావు. చాలా సంతోషం. ఆవిడ నడుస్తుంటే పడిపోతారేమోనని నువ్వు చేతులు చాపుకుని వెనకాలే నడుస్తున్నావనీ రాశావు. నీ నడుం నొప్పి సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అడిగితే “బాగానే ఉంది” అంటావు. మనిద్దరం ఒకే బడిలో చదువుకున్నట్టున్నాం.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. వండుకునే తింటున్నాను. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన రోజున ఎవరి మీద విసుక్కోవాలో తెలియక నోరు మూసుకుని తినేస్తున్నాను.

తోటలో కలువ కొలను తూము బాగుపడింది. ఉద్యోగమంతా నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల పటాలు గీసినవాణ్ణి, తూములో చెయ్యి పెట్టడం మాత్రం ఇదే మొదలు. భుజం దాకా దూర్చి వెతికితే చిన్నపిల్లల చెప్పు ఒకటీ, బురద పట్టిన కళ్లజోడు ఒకటీ బయటికొచ్చాయి. ఆదివారం తోట ఊడవడానికి వచ్చిన మనవాళ్లని కళ్లజోడు ఎవరిదని అడిగితే ఎవరూ తమదనలేదు. పాటల మాస్టారు మాత్రం దాన్ని కడిగి, పెట్టుకుని, అటూ ఇటూ చూసి, “నా దానికంటే ఇదే నయంగా ఉందండీ” అంటూ జేబులో వేసుకున్నారు. కొలనులో నీళ్లు మళ్లీ కదులుతున్నాయి. చేపలు చావలేదు. కొమ్మల కత్తెరలకు నూనె రాశాను.

నువ్వు అడిగిన మరో ప్రశ్న ఉంది. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఓపిక పట్టు.

వెళ్లేటప్పుడు రైలు కిటికీలోంచి “తోటలో ఆదివారాలు నువ్వు చూసుకో, అంతే” అన్నావు. ఆదివారమంటే ఆదివారమే అనుకున్నాను. సోమవారం పొద్దున్నే ఎవరో ఫోన్ చేసి మంటపం మెట్ల మీద పోస్టరు అంటించారంటారు. దాన్ని గీకేసి ఇల్లు చేరేలోపు ఇంకెవరో ఆపి, ఇటుకల బాటలో ఇటుక లేచిపోయింది, మా అత్తగారు తట్టుకుని పడబోయింది అంటారు. ఈ పని ఇన్నేళ్లు నువ్వెలా చేశావో నాకు తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు బకెట్టులో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఇంతకు ముందు నువ్వు అలా కూర్చుంటే “ఎవరు చెయ్యమన్నారు?” అనేవాణ్ణి. ఇప్పుడు నన్ను అలా అనడానికైనా ఇంట్లో మనిషి లేదు.

జనం తగ్గారు. నిజం చెప్పాలంటే వాళ్లు తోట కోసం వచ్చేవాళ్లు కారు, నువ్వు పిలిస్తే కాదనలేక వచ్చేవాళ్లు. నేను పిలిస్తే చక్కగా కాదనగలుగుతున్నారు.

ఇక దాచి లాభం లేదు. “నిద్రగన్నేరు పూసిందా?” అని కిందటి ఉత్తరంలో అడిగావు, అంతకు ముందు ఉత్తరంలోనూ అడిగావు. మొదటిసారి ఆ మాట చూడనట్టే జవాబు రాశాను. రెండోసారి “చెట్టు బాగానే ఉంది” అని రాశాను. అది రాసేటప్పటికే సంగతి వేరుగా ఉంది.

మొదటినుంచీ చెప్తాను. నువ్వు వెళ్లిన నెలలోనే ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పెద్ద వానేం కాదు. వాన వెలిశాక నర్సమ్మగారు రోజూలాగే వచ్చి చెట్టు కింద రాతి బెంచీ తుడుచుకుని కూర్చున్నారు. అప్పుడు గాలి కూడా లేదు. నేను గేటు దగ్గర తుక్కు ఏరుతున్నాను. పెద్ద గుడ్డ చించినట్టు చప్పుడైంది. తిరిగి చూసేసరికి మంటపం వైపు కొమ్మ, నువ్వు ఏనుగు తొండం అనేదానివే, అది నేల మీద ఉంది. బెంచీ రెండు ముక్కలైంది. ఆకుల్లోంచి ఒక చెయ్యి మాత్రం బయటికి కనబడింది.

ఆవిడ బతికే ఉన్నారు. కంగారు పడకు, ఇప్పుడు లేచి తిరుగుతున్నారు కూడా. భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు చిట్లాయి. కొమ్మ చివర తగిలింది కాబట్టి సరిపోయింది, జానెడు ఇటైతే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది. ఉద్యోగం మానేసి ఎన్నేళ్లయినా, ఆస్పత్రిలో కట్టు కడుతుంటే కూడా పక్కనున్న కుర్ర నర్సుకి దూది ఎలా పట్టుకోవాలో చెప్తున్నారు. నన్ను చూసి, “దాన్నేం అనకండి. అది నన్ను కొట్టలేదు, అది పడే దారిలో నేను కూర్చున్నాను” అన్నారు. తర్వాత, “మీ ఆవిడకి చెప్పకండి. అక్కని వదిలేసి పరిగెత్తుకొస్తుంది” అన్నారు. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఆవిడ వద్దన్నారు కదా అని నీకు చెప్పలేదు. అసలు సంగతి, చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఫోన్‌లో చెబితే నీ గొంతు మారడం వినాలి.

నగరపాలక ఆఫీసు వాళ్లు చెట్లను పరీక్షించే ఒకావిడని పంపించారు. నెమ్మదైన మనిషి. మాను చుట్టూ చెక్క సుత్తితో తట్టుకుంటూ తిరిగింది. ఒకచోట గట్టిగా మోగింది. మిగతా అంతా ఖాళీ డబ్బా తట్టినట్టు బోలుగా. సన్నని బెజ్జం వేసి చూసింది. “లోపలంతా పుచ్చిపోయిందండీ. చుట్టూ ఉన్న బెరడూ, దాని వెనకాల కాస్త చెక్కా, వాటి మీద నిలబడుతోంది. ఈ గాలికి పడొచ్చు, రెండేళ్ల తర్వాత పడొచ్చు. నేను చెప్పలేను” అంది. కొమ్మలు తగ్గిస్తే సరిపోతుందా అని అడిగాను. ఊతం పెడితే? ఇనప తాళ్లు కడితే? నువ్వు ఏం అడుగుతావో అవన్నీ అడిగాను. తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

కానీ ఆఫీసు వాళ్లు వాళ్లంతట వాళ్లు కొట్టడానికి లేదు. పాతకాలపు తోట కనుక, దాన్ని చూసుకునే బృందం సరే అంటేనే పెద్ద చెట్టు మీద గొడ్డలి పెట్టాలి. ఆ నిబంధన ఎవరు సాధించారో నీకు చెప్పక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేస్తామని ఇంజనీర్లు వచ్చిననాడు వానలో తడుస్తూ ఆ చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డావు. చివరికి వాళ్లే రోడ్డుని పక్కకి జరుపుకున్నారు. ఆ రోజు నేను గొడుగు తెచ్చి, నీకు పట్టడానికి సిగ్గేసి, దూరంగా నిలబడ్డాను.

మనవాళ్లని పిలిచి సంగతి చెప్పాను. ఎవరూ నా మొహం చూడలేదు. “ఆవిణ్ణి అడగండి” అన్నారు. పాటల మాస్టారైతే, “ఆవిడ లేనప్పుడు ఆ చెట్టు జోలికి వెళితే మర్యాదగా ఉండదు. వచ్చేదాకా ఆగుదాం” అన్నారు. సరే, ఆగుదామన్నాను. చెట్టు చుట్టూ తాడు కట్టించి, లోపలికి రావద్దని బోర్డు పెట్టాను.

తాడు ఎవరిని ఆపుతుంది చెప్పు? తోటలో అంత నీడ ఇంకెక్కడుంది? మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి తాడు కిందనుంచి దూరి ఇద్దరు ముసలాళ్లు పేపరు చదువుకుంటున్నారు. లేపాను. మధ్యాహ్నం ఎవరో చంటిదాన్ని ఒళ్లో వేసుకుని నిద్రపుచ్చుతోంది. లేపాను. “ఇన్నాళ్లూ కూర్చోలేదా మేం?” అంది. సాయంత్రం బడి వదిలాక ఆడపిల్లలు నేను కట్టించిన తాడే విప్పుకుని దాంతో గెంతులాడుతున్నారు.

ఆ రోజునుంచి అక్కడే కూర్చున్నాను. గేటు తెరిచినప్పటినుంచి మూసేదాకా, మడత కుర్చీ వేసుకుని, చెట్టు నీడ పడని చోట ఎండలో. ఎవరైనా అటు అడుగేస్తే లేవడం, బతిమాలడం, కూర్చోవడం. గాలి కొంచెం వీస్తే తల పైకెత్తి చూడడం. సాయంత్రం దాని ఆకులు ముడుచుకునేసరికి నాకూ కళ్లు మూతలు పడేవి. కాళ్లు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. నా బదులు కాసేపు కూర్చోమని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒకరోజు కూర్చున్నారు. రెండోరోజు పని పడిందన్నారు. తప్పు వాళ్లది కాదులే.

ఒకరోజు నిద్ర పట్టేసింది. కుర్చీలోనే, పట్టపగలు. మెలకువ వచ్చేసరికి ఆ ఆడపిల్లలు మానుని ఆనుకుని, వరసగా కూర్చుని, పుస్తకాలు తెరుచుకుని లెక్కలు చేసుకుంటున్నారు. పైన ఆ మిగిలిన కొమ్మ. నాకు కేక రాలేదు. కేక వేస్తే దానికే పడుతుందేమో అన్నట్టు, మునివేళ్ల మీద నడిచి వెళ్లి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చాను. “ఏంటి తాతా, లెక్క సగంలో ఉంది” అని విసుక్కుంది ఒకమ్మాయి.

అక్కణ్ణుంచి సరాసరి ఆఫీసుకి వెళ్లి, సరే కొట్టెయ్యండి అన్నాను. బృందం తరఫున అన్నాను. ఎవర్నీ అడగలేదు. నిన్నూ అడగలేదు. అడిగితే నువ్వు వద్దంటావని కాదు. నువ్వు సరే అంటే, ఆ మాట జీవితమంతా నీ దగ్గర ఉండిపోతుంది. అది నా దగ్గర ఉంటే ఫరవాలేదనిపించింది. ఇలా రాస్తే గొప్పగా ఉంది కానీ ఆ పూట అంత ఆలోచించలేదు. అలిసిపోయాను, అంతే.

చెట్టు లేదు.

పైనుంచి కొంచెం కొంచెంగా కోశారు, రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ నిలబడే చూశాను. కూర్చుంటే బాగుండదనిపించింది. పూత వచ్చింది. నువ్వు అడిగావు కదా. పై కొమ్మల్లో అప్పుడే గులాబి రంగు తిరుగుతోంది, కింద పడ్డాక తెలిసింది. మాను కోశాక లోపల చూశాను. నేను నిలబడితే భుజాలు తగలనంత ఖాళీ. చెయ్యి పెడితే చెక్కంతా పొడిపొడిగా రాలింది. నా మాట నమ్మకపోతే నర్సమ్మగారిని అడుగు, ఆవిడ కూడా కట్టు కట్టిన చేత్తో వచ్చి చూశారు.

పాటల మాస్టారు రెండో రోజు వచ్చారు. “ఆవిడ ఉంటే కొట్టనిచ్చేది కాదు” అన్నారు, అందరూ వినేలా.

“ఆవిడ ఉంటే ఆవిడే కాపలా కూర్చునేది మాస్టారూ. నా వల్ల కాలేదు” అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం నేను లేవలేదు. తోట వైపు వెళ్లబుద్ధి పుట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. బాగా ఎండెక్కాక తలుపు కొట్టారు. చూస్తే మాస్టారు. ఆ దొరికిన కళ్లజోడు పెట్టుకుని, చేతిలో చీపురు పట్టుకుని. “మిమ్మల్ని క్షమించానని రాలేదు. అందరూ గేటు బయట నిలబడి ఉన్నారు. వచ్చి తాళం తియ్యండి” అన్నారు.

వెళ్లాను. నువ్వు వెళ్లాక అంతమంది రావడం నేను చూడలేదు. గేటు తీశాక అందరం అలవాటు ప్రకారం చెట్టు చోటికే వెళ్లాం. ప్రతి ఆదివారం మొదటి పని అక్కడే కదా, రాత్రి రాలిన ఆకులూ కాయలూ ఊడ్చి కుప్పలు పెట్టడం. వెళ్లి చూస్తే ఊడవడానికి ఏమీ లేదు. నేలంతా శుభ్రంగా ఉంది. తెల్లగా ఎండ. అందరం చీపుర్లు పట్టుకుని అలాగే చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి మాస్టారు వట్టి నేలనే ఊడవడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి తక్కినవాళ్లూ ఊడ్చారు.

నేనూ ఊడుద్దామని వంగాను. నర్సమ్మగారు ఆపి అడిగారు: “ఆవిడకి చెప్పారా?”

“ఇంకా లేదండీ.”

“ఇవాళ మీకు ఇక్కడ పనేం లేదు. ఇంటికెళ్లి రాయండి” అని బాగున్న చేత్తో నా చీపురు లాక్కున్నారు.

వచ్చి రాస్తున్నాను. ఇంకా ఆదివారమే. ఆ చోట ఏం నాటాలో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. వదినగారికి ఊతకర్ర అక్కర్లేకుండా అయ్యేదాకా నువ్వు అక్కడే ఉండు. ఈ ఉత్తరం చదివి బయల్దేరకు, ఇప్పుడు వచ్చి ఆపడానికి ఏమీ లేదు. వచ్చాక నీ ఇష్టం వచ్చినంత సేపు తిట్టు. ఆ ఎండలో నిలబెట్టి తిట్టినా నిలబడతాను. ఈసారి గొడుగు తెచ్చుకుంటాను, ఇద్దరికీ పడుతుంది.

ఇట్లు,
తోటలోంచి ఈ పూటకి గెంటివేయబడిన
మీ ఆయన