విలుకత్తెకు కొత్త విద్య

బావగారికి నమస్కారాలు.

ఆదివారం పాచికలు వేస్తూ కథ నడిపే మన ఆట మధ్యలో నేను లేచి మెట్ల మీదకు వెళ్లిపోయినందుకు మీరు నొచ్చుకున్నారని మా ఆయన చెప్పారు. ఎదురుగా నిలబడి చెప్పాలంటే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

మీరు పెట్టిన కొత్త నియమం మంచిదే. కథలోని మన పాత్రలు తలా ఒక కొత్త విద్య నేర్చుకోవచ్చు, కాకపోతే ఒక యుద్ధానికి దూరంగా కూర్చుని సాధన చేయాలి. నా విలుకత్తె ఏం నేర్చుకోవాలో మాత్రం నన్నడక్కుండానే తేల్చేశారు.

"వైద్యమే వదినా. నర్సువి, నీకు వెన్నతో పెట్టిన విద్య కదా," అన్నాడు మరిది. మీరూ నవ్వుతూ తలూపారు. ఆ వెంటనే అతని వీరుడికి కత్తిపోటు తగిలింది. అందరూ నా వైపు చూశారు.

ఆ ఉదయమే వార్డులో, నేను రోజూ కట్టు మార్చే ముసలామె పోయింది. ఆమె కళ్లు మూసింది నేనే. చేతులు కడుక్కుని తిన్నగా మీ ఇంటికి వచ్చాను. అందరి సరదా ఎందుకు పాడుచేయాలని ఎవరికీ చెప్పలేదు.

మీ బల్ల దగ్గర కూడా గాయాలే కడగాలంటే నా వల్ల కాదు బావగారూ. అలాగని ఆట మానాలనీ లేదు. వారం మొత్తంలో నాకంటూ ఉన్నది ఆ ఒక్క పూటే.

నా విలుకత్తెకు పిల్లనగ్రోవి నేర్పించండి. యుద్ధంలో అది దేనికీ పనికిరాదని మరిది అంటాడు. దేనికీ పనికిరానిదే నాకు కావాలి.

మీ మరదలు