పాత లెన్సులో అమ్మ

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లలో పెళ్లి ఫోటోలు ఇప్పుడు నేనే తీస్తున్నాను. నీ పాత జూమ్ లెన్సు ఇచ్చేసి కొత్తది తీసుకుందామని, పోల్చి చూడ్డానికి షాపు నుంచి ఒకటి తెచ్చాను. సాయంత్రంలోగా రెండింటిలో ఒకటి షాపులో ఇచ్చెయ్యాలి.

మనం ఎప్పుడూ చేసినట్టే, మన ఊరు ముడిమ్యాలలో చేను చివర మనిషి చేతికి న్యూస్‌పేపర్ ఇచ్చి నిలబెట్టి రెండింటితోనూ ఫోటో తీశాను. ఎప్పుడూ నువ్వు నిలబడేవాడివి, ఈసారి అమ్మ. కలుపు తీస్తూ వచ్చింది కాబట్టి చీర మీద నీ గళ్ల చొక్కా వేసుకుని ఉంది.

"జల్ది తియ్యే, ఎండకు మాడుతున్న! నేనేమన్న పెండ్లిపిల్లనా?" అని అరిచింది.

కొత్త లెన్సులో పేపర్ మూలనున్న చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు. అమ్మ ముఖం మీద ప్రతి ముడతా కనిపిస్తోంది. నీ లెన్సు పూర్తి జూమ్‌లో ఎప్పటిలాగే సాఫ్ట్. ముడతలన్నీ అలుక్కుపోయాయి. ఆ చొక్కాలో ఉన్నది నువ్వే.

నేను డిలీట్ చేసేలోపే అమ్మ వచ్చి కెమెరా మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"గీ పాతదాంతోనే ఇంకొకటి తియ్యి బిడ్డా," అంది.

పేపర్ నా చేతికిచ్చి మళ్లీ చేను చివరికి నడిచింది. కొంగు చొక్కా లోపలికి దోపుకుని, కాలర్ సర్దుకుని, నీలాగే ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

కొత్త లెన్సు తిరిగిచ్చేశాను, అన్నా.