థీసిస్‌లో అమ్మ అనొద్దట

భారతీ,

ఇవ్వాళ నీ సంవత్సరీకం. అన్నాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. రోజు లెక్క రాయడానికి కూర్చున్నాను గానీ కోపంతో చెయ్యి సాగలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

బీడీలు చేసే ఆడవాళ్ల మీద థీసిస్ అని మన స్వప్న నిన్ను కూర్చోబెట్టి అన్నీ అడిగి రాసుకున్నది కదా. ఇంగ్లీషులో "మా అమ్మ బాన్సువాడలో బీడీలు చేసేది" అని మొదలుపెడితే, గైడు సారు కొట్టేసి "ఒక కార్మికురాలు" అని పెట్టాడట. పెద్ద చదువుల ఇంగ్లీషులో నేను, మా అమ్మ అని రాయకూడదట. నీ మెడనొప్పి కావాలి, నీ దగ్గు కావాలి. నువ్వు మాత్రం వద్దు!

"ఏం చేయాలె నాయినా?" అని ఫోన్‌లో అడిగింది. నేను నీ సంగతే చెప్పాను. కార్ఖానాలో చెకర్ నీ బీడీలు బాగలేవని పక్కకు తీస్తే నువ్వు కదిలేదానివి కాదు. "బాగలేకుంటే నా ముందర్నే విరగ్గొట్టు, అన్నా. నేను పోయినంక అమ్ముకుందామనా?" అనేదానివి.

నిన్న స్వప్న ఆ సారుతో అన్నదట: "మా అమ్మ వద్దంటే ఆమె చెప్పిన ముచ్చట్లు గూడ తీసేస్త సార్." అవి తీసేస్తే ఆ అధ్యాయంలో ఏమీ మిగలదు. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, "సరే, ఉండనీ" అన్నాడట.

పిల్ల సంబరంగా చెప్పింది. నాకింకా మండుతూనే ఉంది. నీ బిడ్డ నిన్ను అమ్మా అనడానికి ఆయన ఇజాజత్ ఎందుకు?