మొండి మేకు

లాలాగూడ,
శనివారం

ప్రియమైన ప్రేమమణి వదినకు,

దేవమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. రాసేది నా కోడలు సుకన్య. నేను గిట్ల అంటే ఆమె ఇట్లా అని దిద్దుతోంది, దిద్దుకోనీ. సంగతి మాత్రం ఒక్క ముక్క మార్చొద్దని చెప్పి కూచోబెట్టాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను నోరు తెరిస్తే నువ్వు మధ్యలో ప్రార్థన షురూ చేస్తావు, నా కోపం చల్లారిపోతుంది. ఈసారి చల్లారకూడదు. అందుకే కాగితం మీద పెట్టి నా కొడుకు చేతికిచ్చి యాప్రాల్ పంపిస్తున్నాను.

మా మాధురి నాలుగు రోజులుగా బడికి పోవడం లేదు. కారణం నీ కొడుకు జ్ఞానశేఖర్. మా పిల్ల ఏడో తరగతికి అతనే సైన్సు సారని తెలిసిన రోజున నేను సందంతా మిఠాయి పంచాను. ఇప్పుడా మిఠాయి తిరిగి ఇమ్మనాలని ఉంది.

జరిగింది విను. సారు పిల్లలను కరెంటు అయస్కాంతం చేసి తెమ్మన్నాడు. మేకుకు రాగి తీగ చుట్టాలి, తీగ కొసలు రెండూ బ్యాటరీకి తగిలించాలి. కరెంటు పారుతున్నంతసేపు అది అయస్కాంతం. కొస తీస్తే మళ్ళీ ఉత్త మేకు. ఈ సంగతి నాకు పుస్తకం చెప్పాలా? పాత ఇనుము యార్డులో నువ్వూ నేనూ పదకొండేళ్ళు తట్టలు మోశాం. మన నెత్తి మీద క్రేనుకు ఆ గుండ్రటి పళ్ళెం వేలాడేది, లోపలంతా తీగ చుట్లే. స్విచ్చి వేయగానే క్వింటాళ్ళ ఇనుము ఎగిరి అంటుకునేది, తీయగానే దబ్బున రాలేది. పక్కనే రాగి, ఇత్తడి కుప్పలుంటే వాటివైపు కన్నెత్తి చూసేది కాదు. ఇదంతా పిల్లకు నేనే చెప్పాను. చుట్లు పెరిగితే పట్టు పెరుగుతుందని దగ్గర కూచుని చుట్టించాను. ఇరవై చుట్లకు మూడు గుండుసూదులు పట్టుకుంది, వంద చుట్లకు పదకొండు.

బడిలో అందరి ముందు పిల్ల కొస తీసింది. పదకొండులో ఏడు రాలాయి. నాలుగు అట్లాగే వేలాడుతున్నాయి. నీ కొడుకు ఏమన్నాడో తెలుసా?

"లోపల మాగ్నెట్ దాచి తెచ్చినవ్ కదా. అబద్ధాలతోటి సైన్స్ రాదమ్మా."

పిల్లలంతా నవ్వారు. సైన్సు మేళా జాబితాలో మాధురి పేరు కొట్టేశాడు. తీగ విప్పి చూస్తే అక్కడే తేలిపోయేది. విప్పడానికి తీరిక లేకపోయింది, అనడానికి మాత్రం ఉంది.

నాకు ఇంత మంట ఎందుకో నీకు తెలుసు. స్విచ్చి తీశాక కూడా ముక్క వేలాడిందని ఇంతకు ముందు ఒకరు చెప్పారు, ఆ ఒకరూ నేనే. ఆ రోజు ఇనుమంతా రాలింది కదా అని ఏరడానికి వంగాను. పైన మిగిలిపోయిన లారీ స్ప్రింగు పట్టీ ముక్క జారి నా ఎడమ బొటనవేలి మీద పడింది. కరెంటు ఉండగానే నేనే పళ్ళెం కిందికి దూరానని గుమాస్తా కాగితం రాసుకున్నాడు. ఎడమ చేతికి కట్టు ఉందని కుడి వేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. అందులో ఏం రాశాడో నాకు తెలిసింది పని పోయాక. నువ్వు నా పక్కనే ఉన్నావు. ముక్క నీకు కనబడిందా అని ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను అడగలేదు. క్రేను నడిపింది మీ ఆయన దేవానందం అన్న కాబట్టి అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. వేలాడిందా, లేదా? వేలాడితే నీ కొడుకుతో చెప్పు. ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే, సోమవారం క్లాసులో, నా మనుమరాలు అబద్ధం చెప్పలేదని అనాలి. అనకపోతే నీకూ నాకూ మాటల్లేవు. క్రిస్మస్‌కు కేకు పంపకు, తిప్పి పంపుతాను.

ఇట్లు,
దేవమ్మ
(కుడి బొటనవేలి ముద్ర)


లాలాగూడ,
మంగళవారం

నా ప్రేమమణి వదినకు,

నీ కొడుకు ఆదివారం చర్చి నుంచి సరాసరి మా ఇంటికే వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో నా ఉత్తరం. నేను గడప దగ్గరే నిలబెట్టాను. సుకన్య లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఈ ఇంట్లో నా మాట చెల్లేది అంతే.

నువ్వు చెప్పి పంపినదంతా చెప్పాడు. ముక్క వేలాడడం నువ్వు చూశావట. స్విచ్చి తీశాక ఒక్క క్షణం ఉల్టా కరెంటు ఇచ్చి పళ్ళేన్ని దులపాలట, ఆ రోజు దేవానందం అన్న అది మరిచిపోయాడట. నువ్వు నోరు తెరిస్తే ఆయన పని పోతుంది, శేఖర్ అప్పటికి నీ కడుపులో ఉన్నాడు. ఈ మాట ఆనాడే నా చెవిలో వేసి ఉంటే నేనే ఆ కాగితం మీద వేలు వేసేదాన్ని కదా వదినా. తెలిసి వేసేదాన్ని.

తర్వాత అతను మేకు అడిగి తీసుకుని, తీగంతా విప్పాడు. అయస్కాంతమూ లేదు, గియస్కాంతమూ లేదు. మేకును వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఇది ఎవరిచ్చారని అడిగాడు. మాధురి నా వైపు చూసింది.

నేనే ఇచ్చాను. పుస్తకంలో మెత్తని ఇనుప మేకు అని ఉందట. నానమ్మా, మెత్తని ఇనుమంటే ఏంది అని పిల్ల అడిగింది కూడా. ఇనుములో మెత్తదేంది, అదేమన్నా ఇడ్లీయా, అచ్చుతప్పు పడి ఉంటుంది అన్నాను. డబ్బా అంతా వెతికి, కాంక్రీటు గోడకు కొట్టే ఉక్కు మేకు ఏరి ఇచ్చాను. నా మనుమరాలికి నేను మెత్తది ఇస్తానా?

"అత్తమ్మా, మెత్తని ఇనుము కరెంటు పోంగనే వదిలేస్తది," అన్నాడు శేఖర్. "ఉక్కు అట్ల కాదు. కరెంటు పోయినా పట్టు కొంత దాచుకుంటది."

"మరి స్ప్రింగు పట్టీ?"

"అది సుత ఉక్కే."

అతను తల వంచుకున్నాడు. ఏ ఉక్కు నన్ను అబద్ధాలకోరును చేసిందో, ఆ ఉక్కునే ఏరి ఏరి పిల్ల చేతిలో పెట్టాను వదినా. నీ కొడుకును తిట్టిన తిట్లలో సగం నాకు పడాల్సినవే.

వేరే మేకు కొనుక్కొస్తానని లేచాడు. కూచోమన్నాను. యార్డు పక్క కొలిమిలో కమ్మరి ఏం చేసేవాడో నేను చూడలేదా? ఆ మేకునే పట్టకారుతో పట్టుకుని గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చాను. మాధురి పరుగెత్తి ఇస్త్రీ బండి దగ్గర తట్టెడు వేడి బూడిద తెచ్చింది. అందులో పాతిపెట్టి నెమ్మదిగా చల్లారనిచ్చాం. అట్లా చల్లారితే ఎంత గట్టి ఉక్కయినా కొంచెం మెత్తబడుతుంది. వంటిల్లంతా బూడిద చేశావని సుకన్య నన్ను అన్నది, ఆ మాట మాత్రం ఇందులో రాయనంటోంది. నేను రాయమన్నాను.

మేకు చల్లారాక అదే తీగ, అవే వంద చుట్లు, అదే బ్యాటరీ. పదకొండు సూదులు పట్టుకుంది. మాధురి కొస తీసింది. పది రాలాయి. పదకొండోది జెర ఆలోచించి, అదీ రాలింది.

నిన్న శేఖర్ క్లాసులో చెప్పాడు. విప్పి చూడకుండా అన్నాను, తప్పు నాది, మాధురి అబద్ధం చెప్పలేదు అన్నాడట. మేళా జాబితాలో పేరు మళ్ళీ ఎక్కింది. కాల్చిన మేకు ఒకటి, కాల్చనిది ఒకటి పక్కపక్కన పెడుతుందట. కాల్చనిదానికి మొండి మేకు అని పేరు పెట్టి, దాని పక్కన నన్ను కూచోబెడతానంటోంది. పిల్లకు నోరు ఎక్కువైంది.

ఇక నీ సంగతి. నా కోపం చాలావరకు రాలిపోయింది. ఒక ముక్క మాత్రం ఇంకా వేలాడుతోంది. నువ్వే వచ్చి దులుపు. గురువారం రా, కేకు ఇప్పుడే తెచ్చినా తీసుకుంటాను.

ఈ కాగితం దాచుకో. ఇందులో ఉన్నదంతా నేను చెప్పిందే. సుకన్య చదివి వినిపించింది, నేను విన్నాను. ఈసారి ఎడమ బొటనవేలు వేస్తున్నాను. ముద్ర నడుమ తెల్లగా గీత పడుతుంది. సిరా అంటలేదనుకునేవు, ఆ ముక్క పడి తెగిన చోటది.

ఇట్లు,
నీ దేవమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)