నేను దిద్దని తప్పు

మహేశ్వరం

సాయిశ్రీ బాపుకు,

ఫోన్ ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. ఫోన్లో అయితే నేను ఏడుస్తాను, నువ్వు కేకలేస్తావు. అందుకే అమ్మ వాళ్లింటి నుంచి ఈ ఉత్తరం.

ఆదిభట్లలో గార్డు పని నుంచి సూపర్‌వైజర్ కావాలంటే ఇంగ్లీషు పరీక్ష రాయాలని నువ్వు ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర క్లాసులో చేరితే, నీకంటే నేనే ఎక్కువ సంతోషించాను. తర్వాత మన ఇంట్లోకి లిఖిత మేడం వచ్చింది. మనిషి రాలేదు, పేరు వచ్చింది. రెండు వాక్యాలను 'హూ'తో కలపాలంటూ అన్నం తింటూ కూడా ఒకటే పాఠం: "దిస్ ఈజ్ లిఖిత మేడం. షి టీచెస్ మి. దిస్ ఈజ్ లిఖిత మేడం హూ టీచెస్ మి." విన్నప్పుడల్లా నాకు కడుపులో మంట. మన తెలుగులో 'నాకు చదువు చెప్పే మేడం' అంటే సరిపోతుంది, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ఇంగ్లీషులోనే ఒకరు వచ్చి నిలబడాలి.

"నా మీద గూడ ఒకటి చెప్పరాదు?" అన్నాను మొన్న. "నీకేం సమజైతది, జర పప్పు ఎయ్యి" అని నవ్వావు. తెల్లారి మన సాయిశ్రీని తీసుకుని వచ్చేశాను.

ఇక్కడ కూర్చున్నాక నిజం తెలిసింది. ఆ రోజే నువ్వు "దిస్ ఈజ్ ది బస్ హూ గోస్ టు ఆదిభట్ల" అన్నావు. బస్సుకు 'హూ' రాదు, 'విచ్' రావాలి. నాకు తెలుసు. బడిలో సారు బోర్డు దగ్గరికి నన్నే పిలిచేవారు. అయినా దిద్దలేదు. నువ్వు తప్పు చదువుతుంటే లోపల హాయిగా ఉంది. నా అసూయ ఆ మేడం మీద కాదు, నువ్వు కూర్చునే బెంచీ మీద. నేనూ ఆ క్లాసుకు పోతాను. సరేనంటేనే తిరిగి వస్తాను.

నీ మనోజ

ఇబ్రహీంపట్నం

మనోజకు,

నీ ఉత్తరం అందేసరికి పరీక్ష అయిపోయింది. తప్పాను. బస్సుకు 'హూ' రాసినవాడు మిగతావి ఎలా రాసి ఉంటాడో నువ్వే అనుకో.

ఆ రోజు నవ్వింది నీకు రాదని కాదు, వస్తుందని. పెళ్లైన కొత్తలో దగ్గు మందు సీసా మీది ఇంగ్లీషు గడగడా చదివి మా అమ్మకు చెప్పావు. నేను పక్కనే తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. నీ మీద కుళ్లు అప్పటినుంచీ ఉంది. నీకు మంట పుట్టాలనే మేడం పేరు గట్టిగా చదివేవాణ్ణి.

మేడంకు నీ సంగతి చెప్పాను. "అక్కను తోల్కరా అన్నా, ఇన్నొద్దులు ఏడ దాచిపెట్టినవ్?" అని తిట్టింది. పొద్దటి డ్యూటీ అడిగి మార్పించుకున్నాను. సాయంత్రం నువ్వు క్లాసుకు పోతే పిల్ల నా దగ్గర ఉంటుంది. రేపు బండి మీద వస్తాను.

కుళ్లు ఇంకా పోలేదు, అబద్ధం ఎందుకు. మెల్లగా పోతుంది. నువ్వు రా.

తిరుమల్