జాడీల మెడలో పీచు ముడులు

ముక్తేశ్వరం,
ఆగస్టు 19.

ప్రియమైన సలోమికి,

మన ప్రభువు పేరిట వందనములు. నేనిక్కడ క్షేమం. విశాఖపట్నంలో నువ్వూ, మీ చెల్లెలు రేచలూ క్షేమమని తలుస్తాను. నీ కంటి కట్టు విప్పేదాకా ఈ ఉత్తరం రేచలే చదివి వినిపించాలి. అమ్మా రేచల్, మీ బావ రాత చూసి నవ్వకు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల చేత గుండ్రంగా రాయించినవాడి రాత ఇలాగే ఉంటుంది. ఫోను చేయవచ్చు కదా అంటావేమో సలోమీ. ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. ఈ సంగతి మొత్తం చెప్పాలంటే కాగితమే నయం.

సంగతేమిటంటే, మన వంటిల్లు పడగొట్టించి కొత్తగా చేయిస్తున్నాను.

కంగారు పడకు. మా తాతగారు మిషన్ బడిలో పంతులుగా పనిచేసి, మన పేటలో అందరికంటే ముందు కట్టించిన పెంకుటిల్లు అది. దాని జోలికి నేను పోతానా? గోడలు, కప్పు అలాగే ఉన్నాయి. వెనక వంటింట్లో లోపలి సరంజామా మాత్రమే తీయించాను. కొబ్బరి కమ్మలూ డొక్కలూ పెట్టి ఊదీ ఊదీ, ఆ పొగకే నీ కళ్లు పాడయ్యాయని నా నమ్మకం. గ్యాసు పొయ్యి కొనిస్తే దాన్ని తెరిచి కూడా చూడలేదు. నువ్వు ఇంట్లో ఉండగా ఆ మట్టిపొయ్యి మీద గునపం పడనిస్తావా? అందుకే నువ్వు వెళ్లిన మర్నాడే తాపీమేస్త్రి అప్పన్నను పిలిచాను. కారెక్కుతూ కూడా, నేనొచ్చేదాకా వంటింట్లో ఏదీ కదపకండి అని మరీ మరీ చెప్పావు. ఆవకాయ ఖాళీ చేసేస్తానని నీ భయం కాబోలని నవ్వుకున్నాను.

నీ కళ్లకు చూపు వచ్చాక మొట్టమొదట కొత్త వంటిల్లే చూడాలని నా ఆశ. ఇప్పుడా ఆశ నీరుగారిపోయింది. మొదలుపెట్టిన రోజు నుంచి ఒక్క పనీ తిన్నగా సాగలేదు. గోడ చూస్తే సున్నంతో కట్టినది. పొద్దున అంటించిన టైల్స్ సాయంత్రానికి ఊడి కింద పడుతున్నాయి. అప్పన్నను నిలదీస్తే, పాత గోడండీ, కొత్తదాన్ని పట్టుకోదండి అంటూ ఊడినవి ఏరుకుంటాడు. పొగగొట్టం కోసం పెంకులు తీశారు. ఇక వానంతా ఆ సందులోంచే దిగుతోంది. సింకులో నీళ్లు వదిలితే బయటికి పోకుండా కాళ్ల మీదికే వస్తున్నాయి. పాతది మళ్లీ పెడదామంటే ఆ దారీ లేదు. పొయ్యి మట్టిని పెరట్లో పోయించాను, వానకు కరిగి కాలవలో కలిసిపోయింది. రోజూ ఆ గుమ్మంలో నిలబడి చూస్తే ఏడుపొస్తోంది.

ఇంకో మాట. వసారా నుంచి వంటింటిదాకా నడుమెత్తున దండెం కట్టించావు. అంత కిందికి కడితే బట్టలు నేలకు రాసుకోవూ? తీయించేశాను. నీ కాలికి తగులుతుందని గడప కూడా పీకించాను.

ఇక నీ జాడీలు! మనింట్లో పిండి రుబ్బే లోవమ్మా నేనూ వాటిని చూసి తల పట్టుకున్నాం. ఒక్కోదాని మెడకూ కొబ్బరిపీచు తాడు, తాడుకు జిడ్డోడే ముడులు. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి మూడు, మరోదానికి ముడి బదులు గవ్వ. ఇదేం చాదస్తమే సలోమీ? అమ్మగారు కోప్పడతారేమోనండి అని లోవమ్మ వెనక్కి తగ్గింది. నేనే కత్తిపీట ముందేసుకుని తాళ్లన్నీ కోసి మంటలో వేశాను. జాడీలు లోవమ్మకిచ్చేసి, సరుకులన్నీ ఒకే కొలత స్టీలు డబ్బాల్లోకి మార్చాను. నీ చూపుకు ఆనేలా ఒక్కోదాని మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు రాశాను. ఈ మొత్తం పనిలో కుదురుగా వచ్చింది అదొక్కటే.

ఆదివారం చర్చిలో నీ కోసం ప్రార్థన చేశారు. అందరూ నిన్ను అడుగుతున్నారు. వేళకు తిను, మందు చుక్కలు మానకు.

నీ రాక కోసం చూస్తున్న,
సాలమోను

తా.క. ఆగస్టు 21. సలోమీ, పై ఉత్తరం పోస్టు చేయకముందే డాక్టరుగారు ఫోను చేశారు. రేచల్, ఆగిపోకు, ఇది కూడా పైకే చదువు. మీ అక్కకు తెలియనిది ఇందులో ఏమీ లేదు. తెలియనివాణ్ని నేనొక్కణ్నే.

రెండు కళ్ల నరాలూ ఎండిపోయాయనీ, కట్టు విప్పినా చూపు రాదనీ ఆయన చెప్పారు. అది ఇప్పుడు పోయిన చూపు కాదట, ఎప్పుడో పోయిందట. ఆపరేషన్ వల్ల లాభం ఉండకపోవచ్చని ముందే నీతో చెబితే, మావారు ఆశ పెట్టుకున్నారండి, ఆయన కోసం చేసేయండి అన్నావట. ఒకే ఇంట్లో ఉంటూ మీకెలా తెలియలేదండీ అని నన్ను అడిగారు. మూడు పూటలా వండి పెడుతోందండి అన్నాను.

చర్చికి వెళ్లేటప్పుడు నా చేయి పట్టుకుని నడిచేదానివి. ఈ వయసులో ఇదేం సరసమే అంటూనే పేట వాళ్ల ముందు మురిసిపోయేవాణ్ని. నా గొంతు బాగుంటుందని సాయంత్రం పూట బైబిలు నా చేతే చదివించేదానివి. అదీ నమ్మాను. ఇల్లంతటిలో నీకు చీకటి లేని చోటు ఆ వంటిల్లొక్కటే. దాన్ని నా చేతులతో నేనే చీకటి చేశాను సలోమీ. ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపినా, నువ్వొచ్చి గోడ తడుముకుంటే అన్నీ తెలిసిపోతాయి.

నిన్న వంటింట్లోకి వెళ్లి, కళ్లు మూసుకుని ఉప్పు కోసం వెతికాను. డబ్బాలన్నీ చేతికి ఒకేలా తగిలాయి. మూత తీస్తే పంచదార. కొత్త పీచు తాడు తెచ్చుకుని మళ్లీ కడదామని కూర్చున్నాను. స్టీలు నున్నగా ఉంది, కట్టిన తాడు కట్టినట్టే జారిపోతోంది. ఏ సరుకుకు ఎన్ని ముడులో లోవమ్మకూ గుర్తు లేదు.

ఉప్పుకు ఎన్ని ముడులు వేసేదానివే?