దేవికి కలవని మూలుగ

బనియాస్,
శుక్రవారం.

అక్కా,

నీకూ మావయ్యకూ నమస్కారాలు. ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నారు? దేవికి జ్వరం తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. ఈ ఎడారి దేశంలో బయట ఎండకు కాలు పెట్టలేం. ల్యాబులో మాత్రం స్వెట్టరు వేసుకుని గాజు సామాను కడుగుతున్నాను.

ఫోనులో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. దేవి రక్తం జబ్బుకు ఇద్దామనుకున్న నా ఎముక మూలుగ దానికి కలవలేదక్కా.

తప్పంతా నాదే. మా ల్యాబులో రోసా మేడం ఉందని చెప్పానుగా, పెరూ అడవుల్లో ఒక చిన్న తెగ మనిషి. రోగాలతో పోట్లాడే జన్యువులు మనిషి మనిషికీ వేరుగా ఉంటాయట. వాళ్ళ తెగ మాత్రం కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరగడంతో వాటిలో రకాలు తక్కువట, ఒకరి మూలుగ ఇంకొకరికి సరిపోయే వీలు ఎక్కువట. అది విని ఎగిరి గంతేశాను. మనదీ మేనరికమేగా! మేనమామే నీ మొగుడు, మీ బిడ్డ దేవి నాకు రెండు వైపులా బంధువు. "బయటోళ్ళని ఎతకడం ఎందుకక్కా, నాది కలిసి తీరుతాది" అన్నది నేనే. హైదరాబాదు డాక్టరు దాతల జాబితాలో వెతికిస్తానంటే ఆపించిందీ నేనే. మూడు నెలలు వృథాగా పోయాయి.

మొన్న నా పరీక్ష ఫలితం కాగితం చేతికిచ్చి రోసా మేడం పక్కనే కూర్చుంది. తనకొచ్చిన హిందీలో, "నేను మావాళ్ళ సంగతి చెప్పాను మంగా, మీ ఇంటి సంగతి కాదు. మీలో ఎన్ని రకాలు కలిశాయో! ఒక్క పెళ్ళితో అవన్నీ ఒకటైపోవు" అంది. మళ్ళీ తనే, "మావాళ్ళకు కలిసినా ఏం సుఖం? ఒకరికి సోకిన జబ్బు ఊరంతటినీ పట్టేది. మా అమ్మ అలాగే పోయింది" అంది. ఇద్దరం ఏడ్చాం. మా పై అధికారి ముదీర్ వచ్చి యల్లా యల్లా, కదలండి అంటే లేచాం.

మావయ్యను ఈ రోజే డాక్టరు దగ్గరకు పంపు. జాబితాలో వెతికించమను. సగమే కలిసినా కన్నవాళ్ళ మూలుగతో మార్పిడి చేస్తారేమో, అదీ అడగమను. నన్ను తిట్టు, పడతాను. మాట్లాడటం మాత్రం మానకు.

అమ్మమ్మకు నా దండాలు. ఆవిడ దీవెన నాకు కాదు, దేవికి ఇమ్మను.

దేవికి ఇప్పుడే చెప్పకు. పిన్ని మూలుగ వస్తే పిన్నిలాగే ఎండుచేపలు తినాలని, ముక్కు మూసుకుని రోజూ ఒక ముక్క అలవాటు చేసుకుంటోందని పోయిన వారం నవ్వుతూ చెప్పావు. ఇక తినక్కర్లేదని దానికి ఎలా చెప్పను అక్కా?

నీ చెల్లెలు,
మంగ